జ్ఞాపకశక్తి భేషుగ్గా ఉన్నదని ధ్రువీకరించడమైనది

దోహాలోని మా తెలుగు సమితి వారు 'మరుపు ధ్రువీకరణ ఉపసంఘం' అనే సంస్థను స్థాపించారనీ, దానికి నన్ను ఏకగ్రీవంగా అధ్యక్షుడిగా ఎన్నుకున్నారనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఎన్నిక నాడు సభకు హాజరైనవారు ముగ్గురు. అందులో నేనొకణ్ణి. నేను నాకే ఓటు వేసుకున్నాను. మిగతా ఇద్దరూ నా ముఖం చూసి చేతులెత్తారు. నిర్మల్‌లో జూనియర్ కళాశాల ప్రిన్సిపాల్‌గా పదవీ విరమణ చేసినవాడి ముఖంలో ఆ పాటి బలం మిగిలే ఉంటుంది.

ఈ ఉపసంఘం అవసరం ఎందుకు కలిగిందో తెలియాలంటే, మహమ్మారి కాలంలో మా విద్యావంతుల ప్రవర్తనను కొంత ప్రశంసించవలసి ఉంటుంది. మా కోశాధికారి రత్నాకర్ గారు కాకినాడ వైపు వారు, ఇక్కడ ఒక కార్యాలయంలో ఇంజినీరు. ఆ రోజుల్లో ఆయన ఉల్లిపాయలను సబ్బుతో కడిగి, బాల్కనీలో ఆరబెట్టి, కోసేటప్పుడు కళ్ళ వెంట నీళ్ళు కారడంతో అది రోగలక్షణమని నిర్ధారించుకొని, తనను తాను పడకగదిలో నిర్బంధించుకున్నారు. సమితిలో మరొకరు ఫోనులో అవతలి వారి దగ్గు వినపడగానే ఫోనును మందునీటితో తుడిచేవారు. నేను మాత్రం శాస్త్రీయంగా వ్యవహరించాను. హైదరాబాదు నుంచి మాట్లాడే మా తమ్ముడితో ముక్కూ నోరూ కప్పుకొని, ఫోనును బల్ల మీద ఉంచి, గది అవతలి మూలన కూర్చొని సంభాషించాను. అతని మాట నాకు గానీ, నా మాట అతనికి గానీ వినపడలేదు. మా అన్నదమ్ముల మధ్య పొలం విషయం ఇంత సామరస్యంగా చర్చకు రావడం అదే ప్రథమం.

తరువాత వ్యాధి నాకే వచ్చింది. అంత జాగ్రత్తపరుడికి ఎలా వచ్చిందని అడిగినవారికి, అది నన్ను వెతుక్కుంటూ వచ్చిందని సమాధానం చెప్పాను. తగ్గింది. ప్రభుత్వం వారి ఆరోగ్య యాప్ తెరిస్తే ఫోనులో మళ్ళీ ఆకుపచ్చ రంగు కనపడసాగింది. దాన్ని మాల్ గుమ్మం దగ్గర కాపలా మనిషికి చూపేటప్పుడు, డిగ్రీ పట్టా పుచ్చుకున్న నాటి నిటారుదనం నా వెన్నులో మళ్ళీ ప్రవేశించేది.

ఇంతలో వైద్యులు టీవీలో ఒక కొత్త సంగతి చెప్పారు. ఈ జబ్బు తగ్గినా కొందరికి మెదడులో మసక మిగిలిపోతుందట. మాటలు తట్టవు, పనులు గుర్తుండవు. దాని పేరు బ్రెయిన్ ఫాగ్. మతిమరుపు అంటే ముసలితనం, సిగ్గుచేటు. అదే బ్రెయిన్ ఫాగ్ అంటే ఆధునికం, గౌరవప్రదం. ఇంగ్లీషు పేరు దొరికిన మరుక్షణం ఆ జబ్బు మా సమాజమంతటా వ్యాపించింది. వ్యాధి రానివారికి కూడా మసక వచ్చింది. ఒకరు రెండేళ్ళ క్రితం అరువు తీసుకున్న ఇడ్లీ పాత్రను మరచిపోయారు. ఒకరు విమానాశ్రయంలో దిగిన అత్తగారిని మరచిపోయారు. ఆమె సామాను మీద కూర్చొని సగం రోజు గడిపిన సంగతి మాత్రం తరువాత ఆయనే నవ్వుతూ చెప్పుకున్నారు. వ్యాధి ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో, ప్రతి శుక్రవారం క్యాంపుల్లోని కార్మిక సోదరులకు భోజనం పంపుతామని సమితి సభ్యులందరం తీర్మానం చేశాం. ఆ తీర్మానాన్ని అందరం కలసికట్టుగా మరచిపోయాం. ఐకమత్యానికి ఇంతకన్న ఉదాహరణ లేదు.

అసలు మసక ఎవరిదో, నకిలీ ఎవరిదో తేలకపోవడంతో ఇళ్ళల్లో తగాదాలు పెరిగాయి. అందుకే ఉపసంఘం. కార్యదర్శి కమాలుద్దీన్‌ది నిజామాబాదు. అల్ వక్రాలో టైపింగ్ సెంటర్ నడుపుతాడు. దరఖాస్తులు అరబ్బీలోకి మార్చి, టైపు చేసి, ముద్ర వేయించి ఇవ్వడం అతని వృత్తి. అతని సలహా మీద మా ధ్రువపత్రాలను దళసరి కాగితం మీద, కింద అరబ్బీ అనువాదంతో, గుండ్రని నీలిరంగు ముద్రతో తయారుచేశాం. ఈ దేశంలో గుండ్రని ముద్ర ఉన్న కాగితాన్ని ఎవరూ పూర్తిగా చదవరు; గౌరవిస్తారు.

పరీక్షను నేనే రూపొందించాను. గొడుగు, రైలు, నిమ్మకాయ, అద్దం, ఒంటె అనే అయిదు మాటలు చదివి వినిపిస్తాను. కాసేపు లోకాభిరామాయణం మాట్లాడి, ఆ మాటలు తిరిగి చెప్పమంటాను. చెప్పలేనివారికి మసక పత్రం. చెప్పగలిగినవారికి 'జ్ఞాపకశక్తి భేషుగ్గా ఉన్నదని ధ్రువీకరించడమైనది' అనే పత్రం. మొదటి పరీక్షలో రత్నాకర్ గారు అయిదు మాటలనూ ఎంతో ఆత్మవిశ్వాసంతో మరచిపోయారు. పత్రం అందుకున్నాక టీ తాగుతూ, పదేళ్ళ క్రితం ఒక పెళ్ళి భోజనంలో తన విస్తరిలో మాంసం లేని ఎముకలు మాత్రమే వడ్డించిన వ్యక్తి పేరు, ఊరు, ఆనాడు అతను తొడుక్కున్న చొక్కా రంగు చెప్పారు. కమాలుద్దీన్ కూడా అయిదూ మరచిపోయాడు. అలా ఉపసంఘం సభ్యులిద్దరూ యోగ్యతాపత్రాలు పొందారు.

నేను పరీక్షకు కూర్చోలేదు. పరీక్షకుణ్ణి పరీక్షించే సంప్రదాయం మన విద్యావ్యవస్థలో లేదు. అదీగాక నాకు అవసరం లేదు. మా అమ్మాయి విజయరాణి, నేను ఉంటున్నది ఆమె ఇంట్లోనే, ఈ విషయంలో కొంత భిన్నాభిప్రాయం కలిగి ఉండేది. దానికి ఆమె చూపే నిదర్శనం ఒకటే. ఒక సాయంత్రం నడకకు వెళ్ళి వచ్చి, మేముండే మదీనత్ ఖలీఫా పేటలో అన్ని ఇళ్ళకూ అవే ఇసుకరంగు గోడలు, అవే ఇనుప తలుపులు కాబట్టి, నేను పొరుగింటి మజ్లిస్‌లోకి, అంటే అతిథుల గదిలోకి, ప్రవేశించి కూర్చున్నాను. సోఫాలు మారి ఉన్నాయి. అమ్మాయి అభిరుచి మెరుగుపడిందని సంతోషించాను. తెల్లని పొడవాటి తోబ్ ధరించిన ఒక పెద్దమనిషి వచ్చి, ఏమీ అడగకుండా ఖర్జూరాలు పెట్టి, చిన్న కప్పులో గహ్వా అనే అరబ్బు కాఫీ పోశాడు. అల్లుడి స్నేహితుడు కాబోలనుకొని కుశలప్రశ్నలు వేశాను. ఇక చాలు అనడానికి ఇక్కడి ఆచారం ప్రకారం ఆ కప్పును అటూ ఇటూ ఊపి చూపాలి. ఆ సంగతి నాకు తట్టలేదు. ఆయన పోస్తూనే ఉన్నాడు, నేను తాగుతూనే ఉన్నాను. చివరికి విజయరాణి వెతుక్కుంటూ వచ్చింది. నేను దీన్ని ఇరుదేశాల సౌహార్ద పర్యటనగా పరిగణించాను. ఆమె మాత్రం, "నాన్నా, ఒక్కసారి డాక్టరుకు చూపించుకుందాం, నా మాట వినండి" అన్నది. నాకు తీరిక లేదన్నాను. అప్పటికి ఉపసంఘం ముందు ఒక దరఖాస్తు విచారణలో ఉంది.

ఆ దరఖాస్తుదారు పేరు ముత్యం. మెట్‌పల్లి దగ్గరి పల్లె. అల్ వక్రా అవతల కడుతున్న ఒక భవనం దగ్గర పరంజా కట్టే పని. మా సమితి సభ్యుడు కాడు. కమాలుద్దీన్ దగ్గర కాగితాలు టైపు చేయించుకోవడానికి వస్తూ పోతూ మా సంగతి విన్నాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకొని ఉపసంఘం కూర్చున్న హాల్లోకి వచ్చి, సోఫా చూపినా కూర్చోక, గోడవార నిలబడి విషయం చెప్పాడు.

"జరం తగ్గినకాన్నుంచి నాకు యాదికుంటలేదు సార్. పైకి ఎక్కినంక బెల్టు హుక్కు పెట్టిన్నా లేదా తెలుస్తలేదు. పెట్టిన్ననుకొని పని చేస్త. జెరసేపైనంక సూస్తే హుక్కు కిందికి ఏలాడుతుంటది."

రోగమని తనంతట తాను చెబితే కంపెనీ వాళ్ళు ఖలాస్, పని అయిపోయింది అని ఇంటికి టికెట్టు చేతిలో పెడతారని అతని భయం. కూతుళ్ళిద్దరూ నిజామాబాదులో హాస్టల్లో ఉండి చదువుతున్నారు. మాలాంటి పెద్దమనుషులు ముద్ర వేసిన మసక కాగితం ఒకటి ఇస్తే, ఫోర్‌మెన్ దాన్ని గౌరవించి కింద డ్యూటీ, అంటే సామాను గది పనో మరొకటో, ఇస్తాడని అతని ఆశ.

ఇది ఒక సిద్ధాంత సమస్యను లేవనెత్తింది. మసక అనేది మేధావులకు వచ్చే జబ్బని మాలో ఒక స్థిరాభిప్రాయం ఉంది. "పలక మీద రాసి ఉంటేనే కదండీ చెరిగిపోయేది" అని రత్నాకర్ గారు నా చెవిలో అన్నారు. అయినప్పటికీ నేను నిష్పాక్షికుణ్ణి. పరీక్ష పెట్టాను.

ఆ పరీక్ష ఫలితం నన్ను దిగ్భ్రాంతికి గురిచేసిందని చెప్పక తప్పదు. ముత్యం అయిదు మాటలనూ తడుముకోకుండా అప్పజెప్పాడు. అంతేకాదు, నేను 'రైలు' అని చదువుతుండగానే అతని పెదవులు 'నిమ్మకాయ' అంటున్నాయి. ఇది జ్ఞాపకశక్తి కాదు, దివ్యదృష్టి. ముప్పై ఏళ్ళ అధ్యాపక జీవితంలో ఇటువంటి విద్యార్థిని నేను చూడలేదు. ఎందుకో కమాలుద్దీన్ ఆ సమయమంతా పైకప్పు వంక చూస్తూ కూర్చున్నాడు. రత్నాకర్ గారి టీ చల్లారిపోయింది. నేను స్వహస్తాలతో భేషు పత్రం రాసి, భుజం తట్టి, అధైర్యపడవద్దనీ, మనసును దృఢంగా ఉంచుకోవాలనీ, అపోహలే అసలు వ్యాధి అనీ ఇంగ్లీషులో కొంత, తెలుగులో కొంత ఉపదేశించాను. అతను ఏదో చెప్పబోయి, నమస్కారం పెట్టి, కాగితం పుచ్చుకొని వెళ్ళిపోయాడు.

ఆ కాగితం ప్రభావం మేము ఊహించినదానికన్న గొప్పగా ఉంది. అది అతని సంచిలో ఫోర్‌మెన్ కంటబడింది. నీలి ముద్ర చూశాడు. కింద అరబ్బీలో 'అద్భుతమైన జ్ఞాపకశక్తి' అనే మాట చదివాడు. ఇన్నాళ్ళూ ఇటువంటి మనిషిని గుర్తించలేకపోయినందుకు విచారించి, ఆ వారం నుంచే ముత్యాన్ని బెల్టుల తనిఖీకి నియమించాడు. పైకి ఎక్కే ప్రతివాడి హుక్కూ సరిగా తగిలించి ఉందో లేదో చూడవలసిన బాధ్యత అతనిది. అతను చెయ్యి ఊపితేనే మిగతావాళ్ళు పని మొదలుపెట్టాలి. ఈ వార్త విని ఉపసంఘం తనను తాను అభినందించుకుంటూ ఒక తీర్మానం చేసింది.

తరువాతి శుక్రవారం ముత్యం మళ్ళీ వచ్చాడు. ఈసారి చొక్కా ఇస్త్రీ లేదు. పత్రాన్ని రద్దు చేయమన్నాడు.

"నా ఒక్కని పానమైతే నేనే సూసుకుందును సార్. గిప్పుడు అందరి పానాలు నా మీద వెట్టిండ్రు. మొన్న గజేందర్‌గాని హుక్కు సూసిన్నా లేదా అని కింద నిలవడి సోంచాయిస్తున్న. వాడు పైనుంచి, 'ఏందే ముత్యమన్నా, చెయ్యి ఊపుతవా, నిలవడి నిద్రవోతవా' అని నవ్వుతుండు. ఊపిన. వాడు దిగినదాక నా గుండె కొట్టుకున్నది కొట్టుకున్నట్టే ఉన్నది."

ఒకసారి చేసిన సంతకాన్ని వెనక్కు తీసుకోవడం నా సర్వీసులో లేదని వివరించాను. పరీక్షలో అయిదుకు అయిదు వచ్చిన అభ్యర్థి తాను తప్పానని వాదించడం విద్యారంగ చరిత్రలోనే వింత అన్నాను. అప్పుడతను నేల వంక చూస్తూ, ఎంతో మర్యాదగా ఇలా అన్నాడు.

"తప్పువట్టకుండ్రి సార్. ఆ దినం మీరు ఆ మాటలు మూడుసార్లు సదివిండ్రు. ముందుగాల్ల నాకు రెండే యాదికున్నయి. తర్వాత మీరు మీ కాలేజీ ముచ్చట చెప్పి, మళ్ళ మొదటికాన్నుంచి అడిగిండ్రు. మూడోపారి వరకు నాకు నోటికచ్చినయి. పెద్దసార్ అడుగుతుంటే అయిపోయింది కదా అని ఎట్లంటం?"

నేను గంభీరంగా కార్యదర్శి వైపు తిరిగి ఇది నిజమా అని అడిగాను.

"నాకు యాద్ లేదు సాబ్" అన్నాడు కమాలుద్దీన్. "మసక సర్టిఫికెట్ ఉంది కదా. మీరే ఇచ్చిండ్రు."

రత్నాకర్ గారు కూడా తన పత్రాన్ని గుర్తు చేశారు. గుర్తు లేకపోవడాన్ని ఆయన చాలా బాగా గుర్తు పెట్టుకున్నారు.

ఇక్కడ విషయం న్యాయశాస్త్రపు లోతుల్లోకి వెళ్ళింది. రత్నాకర్ గారే దాన్ని విశదీకరించారు. సభ్యులిద్దరూ అధికారికంగా మసకపరులు కాబట్టి వారి సాక్ష్యం చెల్లదు. గదిలో ఉన్నవారిలో జ్ఞాపకశక్తి భేషుగ్గా ఉన్నదని ధ్రువపడినవాడు ముత్యం ఒక్కడే. కనుక అతని సాక్ష్యాన్ని అంగీకరించాలి. అంగీకరిస్తే, అధ్యక్షులవారికే మరుపు ఉన్నట్టు తేలుతుంది. అధ్యక్షులకు మరుపు ఉంటే ఆయన ఇచ్చిన పత్రం చెల్లదు. పత్రం చెల్లకపోతే ముత్యం జ్ఞాపకశక్తి భేషు కాదు. భేషు కానివాడి సాక్ష్యాన్ని ఎలా అంగీకరిస్తాం? కాబట్టి అధ్యక్షులకు మరుపు లేదు. లేదు కనుక పత్రం చెల్లుతుంది. చెల్లుతుంది కనుక అతని సాక్ష్యాన్ని అంగీకరించాలి.

ఇంత సుందరమైన తర్కాన్ని నేను చాలా కాలంగా వినలేదు. దాని చుట్టూ మేము రెండు మూడు ప్రదక్షిణలు చేసి, యథాతథ స్థితిని కొనసాగించాలని నిర్ణయించాం. ఆ చక్రాన్ని ఆపడానికి ఒక మాట చాలు. 'అవును, నాకు మరుపు వస్తున్నది' అని నేను అంటే సరిపోయేది. చిన్న వాక్యం, ఇంగ్లీషులో ఇంకా చిన్నది. దానికి బదులు నేను, సంస్థల విశ్వసనీయత అనే అంశం మీద ప్రసంగించాను. సభ్యులు చప్పట్లు కొట్టారు. ముత్యం కూడా అలవాటు కొద్దీ కొట్టబోయి ఆగిపోయాడు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అతను అన్న మాట కార్యక్రమ వివరాల్లోకి ఎక్కలేదు. "మర్సిపోవుడు నాకు అలవాటైంది సార్. గని నేను చెయ్యి ఊపినంక ఎవడన్న పడితే, అది మర్సుడు నాతోని కాదు."

మరునాడు పొద్దున్నే అతను చెయ్యి ఊపడానికి నిరాకరించాడని కమాలుద్దీన్ ద్వారా తెలిసింది. తనకు గుర్తుండటం లేదని ఫోర్‌మెన్‌కు ఉన్నదున్నట్టు చెప్పేశాడట. ఫోర్‌మెన్ నమ్మలేదు. అద్భుతమైన జ్ఞాపకశక్తి ఉన్నదని ముద్ర వేసిన కాగితం ఎదురుగా ఉండగా, లేదని చెప్పేవాడు అబద్ధాలకోరు, పనిదొంగ అన్నాడు. ఇంటికి పంపడానికి ఏర్పాట్లు చేశాడు. మా పత్రం లేకపోయి ఉంటే అతన్ని కనీసం రోగి అని అనేవాళ్ళు.

ప్రయాణం నాటి మధ్యాహ్నం కమాలుద్దీన్ నాకు ఫోను చేశాడు. గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. "సాబ్, ముత్యంది సాయంత్రం ఫ్లైట్. ఫోర్‌మెన్‌తోని నేను మాట్లాడిన. సంతకం పెట్టిన పెద్దమనిషి ఒక్క ఫోన్ చేసి, కాగితంల తప్పు పడ్డదంటే చాలు, టికెట్ ఆపి స్టోర్‌ల కింద డ్యూటీ ఇస్తడట. వాడు ఎయిర్‌పోర్ట్‌కు పోకముందే చెయ్యాలె. నంబర్ పంపిన." ఇంత సందేశాన్ని ఒక్క అక్షరం పొల్లు పోకుండా చెప్పినవాడు మా మసక పత్రగ్రహీత అని గమనించాను. కానీ ఆ సమయంలో ఆ మాట ఎత్తలేదు.

నేను ఫోను చేయడానికే నిశ్చయించుకున్నాను. అయితే ఏదైనా సక్రమంగా చేయడం నా స్వభావం. వాక్యం ముందుగా కూర్చుకోవాలనుకున్నాను. 'మిస్టేక్' అంటే నా తప్పు అవుతుంది. 'ఎర్రర్' అంటే యంత్రం తప్పులా ఉంటుంది. 'ఓవర్‌సైట్' అంటే గౌరవప్రదంగా ఉంటుంది కానీ ఫోర్‌మెన్‌కు అర్థం కాకపోవచ్చు. హాల్లో అటూ ఇటూ నడుస్తూ మూడింటినీ తూచాను. ఒక దశలో 'పత్రంలో ఒక స్వల్ప విషయం పునఃపరిశీలనకు అర్హమైనదిగా కనిపిస్తున్నది' అనే దాకా వచ్చాను. అది బాగానే ఉందనిపించింది.

విజయరాణి వంటింట్లోంచి వచ్చి, నన్ను చూసి ఆగింది.

"ఫోన్ పట్టుకొని నిలబడ్డారేంటి నాన్నా? ఎవరికి చెయ్యాలి?"

నేను ఫోను వంక చూశాను. ఎవరికి చేయడానికి లేచానో ఆ క్షణంలో నాకు తెలియలేదు. ఏదో ముఖ్యమైన పని అని మాత్రం తెలుసు. "ఎవరికీ లేదమ్మా" అన్నాను. ఆమె నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. తాగాను. చీకటి పడే వేళ ఇంటి మీదుగా ఒక విమానం వెళ్ళింది. అప్పుడు గుర్తొచ్చింది.

మరుసటి సభలో సభ్యులు నా పరిస్థితిని సానుభూతితో ఆలకించి, నాకు కూడా ఒక మసక పత్రం మంజూరు చేశారు. పరీక్ష పెట్టలేదు. అయిదు మాటల్లో ఒక్కటి కూడా అడగలేదు. తొందరపడవద్దన్నాను గానీ అప్పటికే ముద్ర పడిపోయింది. చట్రంలో బిగించి నా గదిలో గోడకు తగిలించాను.

ఆ సాయంత్రం నేను నిజంగానే మరచిపోయానని నా వాదన. దాన్ని ఎవరూ కాదనలేదు. అయితే నిజంగా వచ్చిన మరుపుకూ, మనకు సౌకర్యంగా ఉండే మరుపుకూ తేడా చెప్పగల పరీక్ష మా ఉపసంఘం దగ్గర ఇప్పటికీ లేదు. ఈ నివేదిక చదువుతున్న విజ్ఞులలో ఎవరి దగ్గరైనా అటువంటిది ఉంటే మాకు పంపవలసిందిగా ప్రార్థన. పంపే ముందు దాన్ని ఒకసారి తమ మీద ప్రయోగించి, ఫలితాన్ని జతపరచగలరు.